నాలుక మీది మిర్చి సెల్లు

మొగుని పేరు పెండ్లాం నోట రావొద్దంటరు. గని చెప్పకపోతే మీకెట్ల తెలుస్తది? గౌలిపురల సేట్లు ఒక్కరా, ఇద్దరా? అందుకే ఒక్కసారి చెప్పి ఊకుంట. వైకుంఠం. ఇగ మీదట మా ఆయన అంటే ఆయననే.

మా ఆయనది టార్చిలైట్ల దుకాణం. టార్చిలు, సెల్లు, బల్బులు, ట్రాన్సిస్టర్లకు తోలు సంచులు. ఇంటి ముంగటి అర్రలనే మా మామ పెట్టిన దుకాణం అది. గౌలిపుర అంటే పాలోళ్ళ బస్తీ గద, తెల్లారకముందే బర్రెల కొట్టాలల్ల పని మొదలైతది. కరెంటేమో దాని ఇష్టం, వస్తే వచ్చినట్టు. చేతిల టార్చి లేకుండ కొట్టంలకు పోతే పాలకు బదులు తన్నులు దక్కుతయి. గందుకని మా దుకాణం మంచిగనే నడిచేది.

మా ఆయనకు ఒక అలవాటు ఉండె. ఏ సెల్లు అమ్మినా ముందుగాల నాలుక మీద పెట్టి చూడాలె. ఇత్తడి రేకు ఒకటి జేబులనే ఉంచుకునేటోడు. రేకు ఒక కొసను సెల్లు అడుగుకు ఆనిచ్చి, ఇంకో కొసను, సెల్లు నెత్తి మీది బొడిపెను కలిపి నాలుకకు తగిలిచ్చి, దేవుని ముంగట నిలబడ్డట్టు కండ్లు మూసుకునేటోడు. "పుల్లగుంది, తీస్కపో" అన్నడంటే మంచిది. "చప్పగుంది" అన్నడంటే పక్కకు పడ్డట్టే, కంపెనీ సీలు అప్పుడే ఇప్పినా సరే. పెండ్లయిన కొత్తల ఇది చూసి, నన్ను పిచ్చోనికి ఇచ్చిన్రని మా అవ్వ దగ్గరకు పోయి ఏడ్చిన. "సెల్లు మీద నాలుక పెడ్తే పెట్టనియ్యి బిడ్డా, నీ వంట మీద పెట్టకుంటే చాలు" అన్నది మా అవ్వ. అది గూడ పెట్టిండు. పొద్దంత సెల్లు నాకి నాకి మొద్దువారిన నాలుకతోని వచ్చి, నా పప్పుల ఉప్పు లేదని రోజు లొల్లి. ఆయనకు సరిపోయేటట్టు వేస్తే మాకు నోట్ల పెట్టరాదు.

బస్తీల మాత్రం ఆ నాలుకకు మస్తు ఇజ్జత్. "సేటు నాలుక మీద పెట్టిండా?" అని అడిగేటోళ్ళు. పెట్టిండంటే ఇంక వేరే చూసుడు లేదు. నాలుకా తాటిమట్టా అని ఆయనను అడిగే అవసరం ఎవ్వరికి రాలే. చెడ్డ మాల్‌ను మంచిదని ఒక్కనాడు చెప్పలే. మాకు మేడలు లేవు, మిద్దెలు లేవు, ఉన్నదల్లా ఆ ఒక్క మాటనే. ఆయన దాన్ని చూసుకునే మురిసేటోడు, నేను పైకి తిట్టినా లోపల నాకు గూడ గర్వంగనే ఉంటుండె.

మా మీది అర్రలల్ల కిరాయికి ఉన్నాయన జగన్నాథరావు. తెనాలి దిక్కాయన, తెల్లంగి, మెత్తటి మాట, ప్రతి మాటకు కొసన ఒక 'అండీ'. దిగిన రోజే మా ఆయన, "ఏం పని జేస్తవ్ సార్?" అని అడిగిండు. "ల్యాబ్‌లో అండీ" అన్నడాయన. మా ఆయనకు "లాభంలో" అని ఇనపడ్డది. బ్యారం చేసేటోళ్ళం, ఆ మాట చెవిల పడ్డంక వేరేది ఎక్కదు. "లాభంల పని జేస్తడట, నసీబున్నోడు" అని ఇంట్లకొచ్చి సంబురంగ చెప్పిండు. అది సర్కారోళ్ళ పరిశోధన జాగ అని, అక్కడ లాభం అన్న ముచ్చటనే లేదని తర్వాత తెలిసింది. గని పేరు పడ్డది పడ్డదే. బస్తీ మొత్తం ఆయనను లాభం సారు అనే పిలిచింది. ఆయన గూడ ఏమనకుండ పలికేటోడు.

అక్కడ ఆయన ఏండ్ల సంది ఒక్కటే పని మీద ఉన్నడు. ఒక కొత్త సెల్లు చేస్తుండు. మామూలు సెల్లయితే లోపలి మసాలా అయిపోంగనే పారేస్తం. ఇది పారేసేది లేదట, కరెంటు పెట్టి మళ్ళ నింపుకోవచ్చట. "లోపల లిథియం ఉంటుందండీ" అని ఒకనాడు మా వాకిట్ల కూసోని చెప్పిండు. నాకు తిథి అని ఇనపడ్డది. పొద్దుగాల పొద్దుగాల ఇంట్ల ఈ తిథులు, తద్దినాల ముచ్చట ఏంది సారూ అని కోపం చేసిన. ఆయన నవ్వి, "తిథి కాదమ్మా, అదొక లోహం. మహా తిక్కది. నీళ్ళు తగిలినా ఊరుకోదు, వేడి తగిలినా ఊరుకోదు. అందుకే గట్టిగా మూసిపెట్టాం" అన్నడు. మా ఆయన నా దిక్కు చూసి, "మా ఆమె లెక్కనే ఉంది సార్" అన్నడు. ఆ పూట మా ఆయనకు చాయ్ దొరకలే.

ఎనభై అయిదో, ఎనభై ఆరో, ఎండకాలం మొదట్ల ఒకనాడు సారు దుకాణంల స్టూలు మీద తలకాయ వంచుకొని కూసున్నడు. మా ఆయన అడగంగ అడగంగ చెప్పిండు. "ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందండీ. ఇన్నేళ్ళు మీ బల్లల మీద వెలిగింది సరే, బయట మామూలు జనం చేతుల్లో వెలుగుతుందా అని అడుగుతున్నారు. వెలిగితే ఒక కంపెనీకిచ్చి చేయిస్తారు. లేకపోతే పని ఆపేసి, నన్ను ఇంకోదాంట్లో పడేస్తారు. ఎలాగైనా దీన్ని మార్కెట్‌కి తేవాలి సేటుగారూ."

"మార్కెట్ అంటే, మాదన్నపేటకా సార్? అక్కడ కూరగాయలే పోతయి గద" అన్నడు మా ఆయన.

"నాకు మీ దుకాణమే మార్కెట్ అండీ. మీరు నలుగురికిచ్చి వాడించండి. కమిటీ వచ్చినప్పుడు ఎలా ఉందో మీరే చెబుదురుగాని."

ఇగ చూడున్రి మా ఆయనను. ఢిల్లీ అంతటి ఢిల్లీ తన మాట కోసం గౌలిపురకు వస్తుందని తెలిసినంక ఆయన కాళ్ళు భూమ్మీద లేవు. సారు సంచిలకెల్లి సెల్లు ఒకటి తీసిచ్చిండు. మా ఆయన రేకు ఆనిచ్చి, కండ్లు మూసుకొని, నాలుక పెట్టిండు. పెట్టి, స్టూలుకు తట్టుకునేటంత ఎగిరిండు. "అమ్మతోడు సార్, ఇది సెల్లు కాదు, పచ్చి మిరపకాయ" అన్నడు. రెండు సెల్ల బలం ఇందుల ఒక్కదాంట్లనే ఉంటదట. ఆనాటి సంది దాని పేరు మిర్చి సెల్లయింది. తిథి సెల్లు కంటే నయమే గద.

ఒక్కటి రెండింటితోని సమానమైతే టార్చిల రెండో సెల్లు జాగ ఖాళీగ ఉంటది. దానికి సారు లోపల తీగ పెట్టిన కట్టెముక్కలు చేయించి తెచ్చిండు. ఇప్పి చూసినోళ్ళు నోరెళ్ళబెట్టిన్రు. "సేటు సగం సెల్లు, సగం కట్టె ఇస్తుండు" అని చాటుకు నవ్విన్రు. పైసలు అడగకపోయినా తీసుకునేటోళ్ళు లేరు. అప్పుడు వచ్చిండు ఓదెలు. వానికి మస్తు బర్రెలు, వాటికంటె మస్తు మీసం. రెండు దిక్కుల మెలి తిప్పి, నూనె పెట్టి, గౌలిపురల ఆ మీసం తెల్వనోడు లేడు.

"సేటు, నాలుక మీద పెట్టినవా?"

"పెట్టిన ఓదెలూ. నాది గ్యారంటీ."

"అయితే నాకియ్యి."

ఓదెలు తీసుకున్నంక అందరు తీసుకున్నరు. వెలుతురు తగ్గంగనే దుకాణంకు తెచ్చియ్యాలె, సారు ఇచ్చిన డబ్బల పెట్టి మా ఆయన కరెంటు నింపుతడు, మళ్ళ తీస్కపోవాలె. గదే షరతు. ఏం వెలుతురు అది. "తెల్లారిందనుకొని బర్రెలు లేచి నిలబడ్తున్నయి సేటు" అని ఓదెలు వచ్చి చెప్పిండు. సారు పొద్దుమీకంగ పనికెల్లి వచ్చి, చెప్పులు గూడ ఇడ్వకుండ, ఎవరేమన్నరు, ఎట్ల వెలిగింది అని అడిగేటోడు. మా ఆయన చెప్తుంటే చిన్నపోరని లెక్క ఇనేటోడు. ఆ మనిషి అంత ఖుషీగ ఉండంగ నేను మళ్ళ చూడలే.

ఇప్పుడు మీరొకటి చెప్పున్రి. సెల్లు వాడిపోతే మనం ఏం చేస్తం? ఎండల పెడ్తం. ఇదేమన్న కొత్తనా? మిద్దె మీద వడియాలు, వాటి పక్కన మిరపకాయలు, వాటి పక్కన సెల్లు. ఎండ తిన్న సెల్లు ఇంకో రెండు పూటలు కొట్టుకొస్తది. మా మెట్ల మీద గూడ రోజు వరుసగ ఎండుతుండె. లాభం సారు వాటిని దాటుకుంటనే పనికి పోయేది, దాటుకుంటనే వచ్చేది. వేడి తగలొద్దని చెప్పిన ఆయనకు తట్టలే, ఇన్న మా ఆయనకు తట్టలే. ఎండ అంటే వేడే అని అంత పెద్ద చదువుకు తెల్వలే, ఇంత పెద్ద నాలుకకు తెల్వలే.

ఓదెలు టార్చి మసకైంది. దుకాణం దాక పోయేటందుకు బద్ధకం. అలవాటు ప్రకారం సెల్లు తీసి కొట్టం రేకుల మీద పెట్టిండు. మిట్టమధ్యాహ్నం, అన్నం తిని, ఎండిందా లేదా చూద్దామని నిచ్చెనెక్కి మొఖం దగ్గరికి పెట్టిండు. అది సుయ్‌మన్నదట. వీడు ఇంకింత దగ్గరికి వంగిండు. ఢామ్ అన్నది.

దేవుని దయ, మనిషికేం కాలే. సెల్లు ఎగిరి పెండకుప్పల పడ్డది. ఓదెలు నిచ్చెన మీదికెల్లి గడ్డివాములకు పడ్డడు. బర్రెలు పలుపులు తెంపుకొని దబీర్‌పురా స్టేషన్ దాక ఉరికినయి. వాటిని చూసి రైలు ఆగిందని కొందరు చెప్తరు, అది అబద్ధం, ఆ ఏళ రైలే లేదు. పోయింది ఒక్కటే, ఓదెలు ఎడమ దిక్కు మీసం.

నల్లగ మాడిన సెల్లును పుల్లకు గుచ్చుకొని దుకాణంకు వచ్చిండు వాడు. కుడి దిక్కు మీసం ఎప్పటి లెక్కనే మెలి తిరిగుంది. ఎడమ దిక్కు బోడిగ, ఎర్రగ ఉంది. నవ్వొద్దని పండ్లు బిగబట్టుకున్న, గని ఆగలే.

"నవ్వకు అక్కా" అన్నడు ఓదెలు. "తీసేద్దామంటే మా నాయిన బతికే ఉన్నడు. నాయిన ఉండంగ మీసం తీస్తే బస్తీల ఏమనుకుంటరు? ఇంటికి పరామర్శకు వస్తరు." తర్వాత మా ఆయన దిక్కు తిరిగి, మెల్లగ, "నువ్వు నాలుక మీద పెట్టినవ్ గద సేటు" అన్నడు.

 మా ఆయన దుకాణం అట్లనే ఇడిచిపెట్టి ఇల్లిల్లు తిరిగిండు. ఎవరెవరికి ఇచ్చిండో అందరి దగ్గర మిర్చి సెల్లు వాపసు తీసుకొని నీడల పెట్టిండు. సారు రాంగనే మాడిన సెల్లు చేతిల పెట్టిండు.

"ఎండలో ఎందుకు పెట్టారండీ?" అన్నడు సారు.

"ఎందుకేంది సార్? సెల్లు గద, గందుకే పెట్టిన్రు."

సారు మా మెట్ల దిక్కు చూసిండు. ఆ పొద్దు గూడ అక్కడ సెల్లు ఎండుతున్నయి. "రోజూ చూస్తూనే ఉన్నాను" అన్నడు తనలో తను. తర్వాత మా ఆయనతోని, "దీన్ని సరిచెయ్యొచ్చండీ. కానీ ఏడాది పడుతుంది, రెండేళ్ళు పడుతుందేమో. కమిటీ ఈ వారమే వస్తోంది. పేలిందని తెలిస్తే ఆ గడువు నాకివ్వరు" అన్నడు. చెప్పొద్దని మా ఆయనను అడగలే. ఒక్క మాట గూడ అడగకుండ మెట్లెక్కి పోయిండు. అడిగినా బాగుండు, మా ఆయనకు కోపమన్నా వస్తుండె.

 చెప్తే సారు ఇన్నేండ్ల పని మట్టిల కలుస్తది, చెప్పకపోతే ఈయన మాట మట్టిల కలుస్తది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "ఏదో ఒకటి తేల్చుకో, గని మొఖం గట్ల పెట్టకు" అని గదిమిన. కూసోని అన్నం తిన్నడు, ఉప్పు లేదని అనలే. నిజంగనే ఆ పొద్దు ఉప్పు వెయ్యడం మరిచిన. అప్పుడు నాకు భయమైంది.

కమిటీ వచ్చింది. కారు మా గల్లీ మొగకు వచ్చి, బర్రెల మంద అడ్డం పడి ఆగింది. హారన్ కొడ్తే బర్రెలు జరుగుతయా? కోటు వేసుకున్న పెద్ద సాబు, వెనక ఇద్దరు, పెండల కాలు పెట్టకుండ ఎగురుకుంట ఎగురుకుంట దుకాణం దాక వచ్చిన్రు. బస్తీ సగం అక్కడనే ఉంది. ముంగటనే ఓదెలు, సగం మీసంతోని. నేను పర్దా వెనక నిలబడ్డ. సారు ఒక మూలకు చేతులు కట్టుకొని నిలబడ్డడు, రంగు లేదు మనిషి మొఖంల.

"క్యోం సేఠ్, మాల్ కైసా హై?" అన్నడు పెద్ద సాబు.

మా ఆయన సెల్లు తీసిండు. రేకు తీసిండు. నాలుక మీద పెట్టుకొని కండ్లు మూసుకున్నడు. ఎప్పటికంటె ఎక్కువసేపు మూసుకున్నడు. తెరిచి, సారు దిక్కు చూసి, "ఫస్ట్ క్లాస్ మాల్ సాబ్. ఏం ఫికర్ లేదు" అన్నడు.

"కోయీ షికాయత్?"

"ఫిర్యాదు ఒక్కటి గూడ లేదు సాబ్."

 ఇన్నేండ్ల కాపురంల ఆ నోట అట్లాంటి మాట నేను ఇనలే. పెద్ద సాబు మాత్రం ఖుషీ అయిండు. అటిటు చూసి, ఓదెలు మీద కన్ను ఆపి, ఆ మీసానికి ఏమైందని అడిగిండు. 

"బర్రె మేసింది సాబ్" అన్నడు ఓదెలు.

వెనకున్నాయన అది హిందీల చెప్తే పెద్ద సాబుకు అర్థం కాక రెండుసార్లు చెప్పించుకున్నడు. ఒక్కరు నవ్వలే. పక్కింటోళ్ళయితే బర్రె మేసుడు మా కండ్లతోని చూసినమన్నట్టు తలకాయలు ఊపిన్రు.

గప్పుడు మూలకెల్లి సారు ముందుకొచ్చిండు. "సార్, వాళ్ళు చెప్పింది నిజం కాదు" అన్నడు. ఇంగ్లీషుల చెప్పిండు, హిందీల చెప్పిండు, ఏమనుకున్నడో ఏమో, కొసకు తెలుగుల గూడ చెప్పిండు, మా అందరికి ఇనపడాలెనని. "ఒకటి పేలింది. ఎండలో పెడితే ఇవి పేలతాయి. ఇక్కడ అందరూ సెల్లు ఎండలోనే పెడతారు. అది నేను ఆలోచించలేదు. సేటుగారు నా మొహం చూసి చెప్పలేకపోయారు." మాడిన సెల్లును జేబులకెల్లి తీసి పెద్ద సాబు చేతిల పెట్టిండు.

పెద్ద సాబు దాన్ని అటిటు తిప్పి చూసిండు. కోపం చెయ్యలే. మంచిదని సారు భుజం తట్టి, మళ్ళ పెండను దాటుకుంట కారెక్కిండు. నెల తిరగకముందే ఆ పని బంద్ పెట్టిన్రు. సారును గోడల రంగులు పరీక్ష చేసే దాంట్ల వేసిన్రు. అది తర్వాతి ముచ్చట.

ఆ పొద్దయితే కారు పోంగనే మా ఆయన సారు మీద ఎగిరిండు. "ఎందుకు చెప్పినవ్ సార్? నేను చెప్పిన గద బాగుందని. అయిపోతుండె గద. ఇన్నేండ్ల కష్టం నీ చేతితోని నువ్వే పారబోసుకుంటివి."

సారు స్టూలు మీద కూలబడ్డడు. "ఈ సెల్లు నేను కాకపోతే ఎక్కడో ఇంకెవరో చేస్తారండీ. ఇవాళ కాకపోతే పదేళ్ళకి. మీరు బాగుందంటే ఈ వీధంతా కళ్ళు మూసుకుని తీసుకెళుతుంది. ఆ నమ్మకం నా మూలంగా పోతే, రోజూ మీ మెట్లెక్కి పైకెలా వెళ్ళనండీ నేను?"

"పోనే పోయింది గద సార్" అన్నడు మా ఆయన. "అందరి ముంగట ఆడిన గద అబద్ధం. ఇంకేం మిగిలింది?" అని, గల్లీ దిక్కు మొఖం పెట్టలేక, డబ్బల వెనక్కు తిరిగి ఏడ్చిండు. మా మామ పోయిననాడు గూడ గట్ల ఏడ్వలే. నాకు దుఃఖం ఆగలే, పర్దా ఇడిచి బయటికి వచ్చిన.

ఓదెలు గొంతు సవరించుకున్నడు. "ఎవరాడిన్రు అబద్ధం?" అన్నడు. "సేటు ఏమన్నా అన్నడా? బర్రెల అరుపుల నాకేం ఇనపడలే."

"నాకు గూడ ఇనపడలే" అన్నడు వాని పక్కనోడు.

"సేటు నోరు తెరిచిండా?" అన్నది పూలమ్మే ముసలామె. "నేను ఇక్కడనే ఉన్న గద. తెరవలే."

అట్ల ఒక్కరి తర్వాత ఒక్కరు, గల్లీ కొస దాక అదే మాట. మా ఆయన తిరిగి చూసిండు. ఒక్కరి మొఖంల గూడ నవ్వు లేదు, అందరు నిజం చెప్తున్నట్టే నిలబడ్డరు. ఓదెలు వచ్చి టార్చి గల్లా మీద పెట్టి, "మామూలు సెల్లు రెండు ఇయ్యి సేటు, కొట్టంల చీకటుంది" అన్నడు.

ఆయన ఆ మాట అన్నప్పుడు నేను పర్దా వెనకనే ఉన్న, నాకు సాఫ్ ఇనపడ్డది. గని ఆ పొద్దు ఎవరన్నా వచ్చి అడిగితే, ఇనలేదనే చెప్తుంటి.